పరీక్షల టైమ్‌టేబుల్‌ను ముందు ముసాయిదాగా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే ‘వాయిదా వేయాలి’ అని కొందరు విద్యార్థులు, ‘వేయడానికి వీల్లేదు’ అని ఇంకొందరు యూనివర్సిటీ గేటు దగ్గర బైఠాయించడం, మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో రావడం ఏటా చూస్తున్నదే. మేం ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో పరీక్షల విభాగం పని చూసే అధ్యాపకులం. వాయిదా మంచిదా చెడ్డదా అనే వాదనలోకి దిగబోవడం లేదు. గొడవంతా అంతకు చాలా ముందే, టైమ్‌టేబుల్ తయారయ్యే వరుసలోనే మొదలవుతోంది. ఎవరికి ఏయే పేపర్లు మిగిలాయో తేలకముందే తేదీలు వేస్తున్నారు. వేసిన తేదీలను ఫీజు కట్టిన వాళ్ల జాబితాతో సరిచూడకుండానే ఖరారు చేస్తున్నారు. ఇది ఏ ఒక్క యూనివర్సిటీకో పట్టిన జబ్బు కాదు కాబట్టి పేర్లు రాయడం లేదు. ఉత్తరం కాస్త పొడవే అయినా ప్రచురించగలరు.

ముందు రోజుల లెక్క చూడండి. జేఎన్‌టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) తరహా అకడమిక్ క్యాలెండర్‌లో మొదటి స్పెల్ తరగతులు 8 వారాలు, మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) ఒక వారం, రెండో స్పెల్ 8 వారాలు, రెండో మిడ్ ఒక వారం, ప్రిపరేషన్ సెలవులు, ప్రాక్టికల్స్ కలిపి ఒక వారం, సెమిస్టర్ పరీక్షలు 2 వారాలు. మొత్తం 21 వారాలు. మొదటి సెమిస్టర్‌కు దసరా సెలవుల వారం కలిపితే 22. అంటే ఏడాదికి 43 వారాలు ఇక్కడే అయిపోయాయి. వేసవి సెలవులు, సెమిస్టర్ల మధ్య విరామం, వానలకు, బందులకు, ఎన్నికలకు పోయే రోజులు అన్నీ మిగిలిన 9 వారాల్లోనే సర్దాలి.

ఇందులో పరీక్షలకు దక్కింది 2 వారాలు. ఆదివారాలు తీసేస్తే 12 రోజులు. పేపర్‌కూ పేపర్‌కూ మధ్య ఒక రోజైనా ఉండాలి కనుక సోమ, బుధ, శుక్రవారాలు ఒక వరుసగా, మంగళ, గురు, శనివారాలు ఇంకో వరుసగా విడదీస్తారు. ఒక్కో వరుసలో ఉదయం 10 నుంచి 1 వరకు ఒక పూట, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఇంకో పూట. వెరసి నాలుగు గళ్లు. ఒక్కో గడిలో రెండు వారాలకు కచ్చితంగా ఆరు పేపర్లు పడతాయి. బీటెక్ నాలుగేళ్లు, ఒక్కో ఏడాది వాళ్లకు సెమిస్టర్‌కు ఐదారు థియరీ పేపర్లు. రెగ్యులర్ పరీక్షలతోనే నాలుగు గళ్లూ నిండిపోయాయి.

మరి సప్లీలు, అంటే తప్పినవాళ్లు మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్షలు ఎక్కడ పెట్టాలి? మొదటి సెమిస్టర్ పరీక్షలప్పుడు, మొదటి సెమిస్టర్ల బ్యాక్‌లాగ్‌లు (పాసవ్వక మిగిలిన పేపర్లు) ఉన్నవాళ్లు జూనియర్ల రెగ్యులర్ పరీక్షతో పాటే రాసేస్తారు, అది బాగానే ఉంది. రెండో సెమిస్టర్ల సప్లీలకు మాత్రం ఇంకో నాలుగు గళ్లు కావాలి. అవి లేవు. అందుకే వాటిని రెగ్యులర్ పరీక్షల మధ్య ఖాళీల్లో ఇరికించాలి, లేదంటే పరీక్షలయ్యాక ఇంకో రెండు వారాలు కొనసాగించాలి. ఇరికిస్తే ఒకే పిల్లాడికి ఒకే రోజు రెండు పేపర్లు పడతాయి. కొనసాగిస్తే తర్వాతి సెమిస్టర్ మొదటి స్పెల్‌లో రెండు వారాలు పోతాయి. ఇంత బిగుతుగా అల్లిన పట్టికలో ఒక్క రోజు సెలవు పడిందంటే రెండు గళ్లు కదులుతాయి. కదిలిన పేపర్‌ను పెట్టడానికి ఆదివారం తప్ప ఖాళీ ఉండదు.

గళ్లు పెంచలేకపోయినా ఏ ఏడాదిని ఏ గడిలో పెడుతున్నామన్నది మన చేతుల్లోనే ఉంది. బ్యాక్‌లాగ్‌లు ఎక్కువగా ఉండేది వెనకటి ఏడాదివే. మూడో ఏడాది విద్యార్థికి రెండో ఏడాది పేపర్లు, రెండో ఏడాది విద్యార్థికి మొదటి ఏడాది లెక్కలు. కాబట్టి పక్కపక్క సంవత్సరాలను ఒకే రోజు పెట్టకూడదు. రెండు, నాలుగు సంవత్సరాలు సోమ, బుధ, శుక్రవారాల్లో, ఒకటి, మూడు సంవత్సరాలు మంగళ, గురు, శనివారాల్లో పెడితే వెనకటి ఏడాది బ్యాక్‌లాగ్ ఉన్నవాడు వరసగా రోజూ రాయాల్సి రావచ్చు గానీ ఒకే రోజు ఆరు గంటలు కూర్చోడు. రెండేళ్ల కిందటి పేపర్ మిగిలినవాడికి మాత్రమే ఒకే రోజు రెండు పూటలు పడతాయి, వాళ్లు తక్కువ మంది. ఈ వరసలో ఇంకో సుఖం కూడా ఉంది. ఫైనలియర్ వాళ్లకు శనివారం పరీక్ష ఉండదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ ఫిబ్రవరి శని, ఆదివారాల్లో జరుగుతుంది, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు కూడా శనివారాలే ఎక్కువ. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా చాలాచోట్ల ఒకటి, రెండు సంవత్సరాలు ఒక రోజు, మూడు, నాలుగు సంవత్సరాలు ఇంకో రోజు అని పెడతారు. కాగితం మీద చూడ్డానికి అది ముచ్చటగా ఉంటుంది మరి.

తర్వాతి చిక్కు రెగ్యులేషన్లు, అంటే ఏ ఏడాది చేరినవాళ్లకు ఏ సిలబస్, ఏ నిబంధనలు వర్తిస్తాయన్నది. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్ల లోపు పూర్తి చేసుకోవచ్చు. ఈలోగా సిలబస్ రెండు మూడుసార్లు మారుతుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఆర్-16, ఆర్-18, ఆర్-22 అయితే, కాకినాడ జేఎన్‌టీయూలో ఆర్-16, ఆర్-19, ఆర్-20, ఆర్-23. ఒకే పూట మూడు రెగ్యులేషన్ల వాళ్లు రాస్తారు. పేపర్ పేరు ఒకటే అయినా సిలబస్ వేరు, కోడ్ వేరు. ఎనిమిది బ్రాంచీలున్న కాలేజీలో మూడు రెగ్యులేషన్లంటే ఉమ్మడి పేపర్లు పోను ఒక పూటకు పది పదిహేను కోడ్‌లు దాటడం మామూలే. కొన్ని కోడ్‌లకు ఇద్దరే ఉంటారు, ఒక్కోసారి ఒక్కరే.

పరీక్షకు ముందు అరగంట ఎలా గడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. లీకుల భయంతో చాలా యూనివర్సిటీలు ఇప్పుడు ప్రశ్నపత్రాన్ని పరీక్షకు కొద్దిసేపటి ముందు ఆన్‌లైన్‌లో పంపుతున్నాయి. పాస్‌వర్డ్ వచ్చాక డౌన్‌లోడ్ చేసి కాలేజీలోనే ప్రింట్ తీయాలి. 600 మంది రాస్తున్నారు, పేపర్ రెండు పేజీలు అనుకుందాం. 1,200 పేజీలు. నిమిషానికి 60 పేజీలు తీసే మిషన్ ఒక్కటే ఉంటే, ఎక్కడా జామ్ కాకపోయినా 20 నిమిషాలు. ఆ తర్వాత గది గదికీ ఏ కోడ్ ఎన్ని కావాలో లెక్కపెట్టి కవర్లలో పెట్టాలి. 25 గదులుంటే, గదికి మూడు కోడ్‌ల చొప్పున 75 కట్టలు. ఇదంతా మిగిలిన పది నిమిషాల్లో. అప్పుడే కరెంటు పోతుంది. రెండో మిషన్, జనరేటర్ లేదా యూపీఎస్ ఉన్నాయా అని సెంటర్ ఇచ్చేముందు చూడాలి. అబ్జర్వర్ వచ్చాక చూస్తే ఏం లాభం?

ఈ హడావుడిలోనే తప్పు పేపర్ చేతికొస్తుంది. ఆర్-18 విద్యార్థికి ఆర్-22 పేపర్ ఇస్తారు. పేరు ఒకటే కనుక వాడు రాయడం మొదలుపెడతాడు. సిలబస్‌లో లేని ప్రశ్న కనిపించాక చెయ్యెత్తుతాడు. అప్పటికి నలభై నిమిషాలు పోయి ఉంటాయి. పోయిన సమయం తిరిగి ఇవ్వాలని అందరికీ తెలుసు. కానీ మధ్యాహ్నం పూట 2 గంటలకు అదే గది కావాలి, 1:30కే పిల్లలను లోపలికి వదలాలి. దీనికి మందు చిన్నదే. హాల్ టికెట్ మీద పేపర్ పేరు కంటే పెద్ద అక్షరాల్లో కోడ్, రెగ్యులేషన్ ముద్రించాలి. ఇన్విజిలేటర్ జవాబు పత్రం మీద సంతకం పెట్టేముందు హాల్ టికెట్ కోడ్‌నూ చేతిలోని ప్రశ్నపత్రం కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి పది నిమిషాల్లో ఈ పని అయిపోతే తప్పు అక్కడే దొరికిపోతుంది. విద్యార్థులూ పేపర్ పేరు చూసి ఊరుకోకుండా కోడ్ చూసుకోవాలి.

ఇక ఒకే పూట రెండు పేపర్లు పడే సంగతి. ఇది ఎక్కువగా రీఅడ్మిట్ అయినవాళ్లకు వస్తుంది. డిటెయిన్ అయి (పై తరగతికి వెళ్లకుండా ఆగిపోయి) మళ్లీ చేరేసరికి రెగ్యులేషన్ మారిపోతుంది. పాత పేపర్‌కు బదులుగా కొత్త సిలబస్‌లో సమానమైన పేపర్ రాయమంటారు. ఆ పేపర్ సరిగ్గా వాడి రెగ్యులర్ పేపర్ పూటలోనే ఉంటుంది. డిగ్రీలోనూ ఇప్పుడు ఈ బాధ పెరిగింది. ఒకప్పుడు ఎంపీసీ, బీజెడ్‌సీ అని గ్రూపులుండేవి. ఫిజిక్స్ ఒక పూట, కెమిస్ట్రీ ఒక పూట అని పెడితే ఎవరికీ ఢీకొనేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చాక ఒక సబ్జెక్టు మేజర్‌గా, వేరే విభాగం నుంచి ఇంకోటి మైనర్‌గా తీసుకునే వీలు కలిగింది. ఏ రెండు సబ్జెక్టులు ఒకే విద్యార్థి దగ్గర కలుస్తాయో గ్రూపు పేరు చూసి చెప్పే కాలం పోయింది. పాత అలవాటుతో పట్టిక వేస్తే దెబ్బ తినక తప్పదు.

అలా అని దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఫీజు గడువు ముగిసిన రోజున పరీక్షల విభాగం దగ్గర ఎవరు ఏ పేపర్‌కు కట్టారో పూర్తి జాబితా ఉంటుంది. ఎక్సెల్ షీటులో మొదటి నిలువు వరుసలో హాల్ టికెట్ నంబరు, రెండో దాంట్లో పేపర్ కోడ్, మూడో దాంట్లో ఆ కోడ్‌కు వేయదలచుకున్న తేదీ, నాలుగో దాంట్లో పూట. ఐదో వరుసలో ‘కౌంట్‌ఇఫ్స్’ ఫార్ములాతో అదే నంబరు, అదే తేదీ, అదే పూట ఎన్నిసార్లు వచ్చాయో లెక్క అడగాలి. ఒకటి కంటే ఎక్కువ వచ్చిన వరుసలన్నీ ఢీకొన్న పేపర్లే. పూటను వదిలేసి నంబరు, తేదీ మాత్రమే అడిగితే ఒకే రోజు రెండు పేపర్లు పడ్డవాళ్లు దొరుకుతారు. లక్షల వరుసలుంటే ఎక్సెల్ నెమ్మదిస్తుంది, అప్పుడు డేటాబేస్‌లో అదే ప్రశ్న అడగాలి. ఆపరేటర్‌కు అది ఒక పూట పని. ఈ ఒక పూట పని చేయనందుకు పరీక్ష రోజు పొద్దున ప్రిన్సిపాళ్లు యూనివర్సిటీకి ఫోన్లు చేస్తూ కూర్చోవాల్సి వస్తోంది.

ఇలా సరిచూసిన పట్టికను కూడా వెంటనే ఖరారు చేయకుండా ముసాయిదా పేరుతో వెబ్‌సైట్‌లో పెట్టాలి. అభ్యంతరాలకు ఐదు పనిదినాలు చాలు. అవి విద్యార్థి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి యూనివర్సిటీకి ఒకే నమూనాలో వెళ్లాలి: హాల్ టికెట్ నంబరు, ఢీకొన్న రెండు కోడ్‌లు, తేదీ, పూట. ‘మా పిల్లలకు ఇబ్బందిగా ఉంది, దయచేసి మార్చగలరు’ అని లెటర్‌హెడ్ మీద రాస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఐదు రోజులయ్యాక ఖరారు. ఆ తర్వాతే హాల్ టికెట్లు. హాల్ టికెట్లు దిగాక ప్రకృతి వైపరీత్యం, ప్రశ్నపత్రం లీకు వంటి కారణాలకు తప్ప తేదీ మారకూడదు.

ఇక్కడే మనకు బలమైన అడ్డు ఒకటుంది. ఫీజు జాబితా ఖరారైతే గానీ ఢీకొన్నవి తేలవు. ఫలితాలు, రీవాల్యుయేషన్ పూర్తయితే గానీ ఫీజు జాబితా నికరం కాదు. జరుగుతున్నది చూడండి. సెమిస్టర్ ఫలితాలు వచ్చాక రీకౌంటింగ్, రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు గడువు ఇస్తారు. ఆ ఫలితాలకు నెలకు పైగా పట్టడం వింతేమీ కాదు. ఈలోపే సప్లీ నోటిఫికేషన్ వస్తుంది, ఫీజు గడువు ముగుస్తుంది, ఆలస్య రుసుము మొదలవుతుంది. రీవాల్యుయేషన్‌లో పాసవుతానో లేదో తెలియని విద్యార్థి రెండు చోట్లా డబ్బు కడతాడు. పాసైతే సప్లీ ఫీజు తిరిగి రాదు. కట్టకుండా ధైర్యం చేసి, అక్కడ తప్పితే ఆరు నెలలు పోతాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

డబ్బుతో ఆగదు. పై తరగతికి వెళ్లాలంటే అప్పటిదాకా ఉన్న మొత్తం క్రెడిట్లలో (పేపర్ పాసైతే వచ్చే పాయింట్లలో) నిర్ణీత శాతం సాధించి ఉండాలి. రీవాల్యుయేషన్ మీద ఆశతో కొత్త ఏడాది తరగతిలో నెలా నెలన్నర కూర్చున్నాక ‘క్రెడిట్లు చాలలేదు’ అని లేపేస్తారు. అప్పటికి ఫీజు కట్టి, హాస్టల్ గది తీసుకుని, లేబ్ రికార్డులు మొదలుపెట్టి ఉంటాడు. ఫైనలియర్ వాళ్లది ఇంకో రకం ఇబ్బంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే విదేశీ యూనివర్సిటీల్లో సీటు వచ్చినవాళ్లు ఒక్క పేపర్ రీవాల్యుయేషన్ ఫలితం కోసం ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆగిపోయి కూర్చుంటారు. ఉద్యోగం వచ్చినవాళ్ల సంగతీ అంతే, కంపెనీ చెప్పిన జాయినింగ్ తేదీ యూనివర్సిటీ కోసం ఆగదు.

మేం కోరేది రెండింట్లో ఒకటి. రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసిన పేపర్లకు సప్లీ ఫీజు గడువు, ఆ ఫలితం వచ్చిన తర్వాత వారం రోజుల వరకు, ఆలస్య రుసుము లేకుండా ఉంచాలి. అది కుదరదంటే, పాసైనవాళ్లు ముందే కట్టిన సప్లీ ఫీజును తర్వాతి పరీక్ష ఫీజులో దానంతటదే సర్దుబాటు చేయాలి. దరఖాస్తు పెట్టుకుంటే సర్దుతాం అంటే సగం మంది పెట్టుకోరు, పెట్టుకున్నవి సగం తేలవు.

ఫలితాలు ఎందుకు ఆలస్యమవుతాయంటే దిద్దేవాళ్లూ పాఠాలు చెప్పేవాళ్లూ ఒకరే కాబట్టి. లక్ష జవాబు పత్రాలున్నాయి, ఒకరు రోజుకు 50 దిద్దుతారనుకుంటే 2,000 పనిదినాలు. వంద మంది 20 రోజులు కూర్చోవాలి. ఆ వంద మంది కాలేజీల్లో పాఠాలు మానుకుని రావాలి. పరీక్షలు ముగిసిన మర్నాడే కొత్త సెమిస్టర్ మొదలంటే స్పాట్‌కైనా (జవాబు పత్రాలు దిద్దే శిబిరానికైనా) మనిషి ఉండడు, క్లాసుకైనా ఉండడు. దీనికి తోడు చిల్లర తప్పులు. గైర్హాజరైన వాడి నంబరును డి-ఫారంలో (పరీక్ష హాజరు పట్టికలో) హాజరు కింద వేస్తారు. కట్టలో ఒక పత్రం తక్కువ వస్తుంది. వెతుకులాట మొదలవుతుంది, ఆ నంబరు ఫలితం ‘విత్‌హెల్డ్’లో, అంటే నిలిపివేసిన వాటిలో పడుతుంది. కాలేజీ ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేయడం మర్చిపోయినా అదే గతి. పూట ముగియగానే హాజరు సంఖ్య, గైర్హాజరు సంఖ్య, కట్టలోని పత్రాల సంఖ్య ముగ్గురు వేర్వేరుగా లెక్కపెట్టి సంతకాలు చేసే పద్ధతి ఉన్న సెంటర్లలో ఈ బాధ దాదాపు ఉండదు. ఉదయం, మధ్యాహ్నం పూటల మధ్య గంటే ఉన్నచోట మాత్రం ముగ్గురి సంతకాలూ ఒకరే చూసి పెట్టిస్తారు. ఆ గంటను గంటన్నర చేస్తే బాగుంటుంది. శుక్రవారం నాడు జుమా నమాజుకు వెళ్లొచ్చే విద్యార్థులకూ, ఇన్విజిలేటర్లకూ అది ఎలాగూ అవసరమే.

ఇరుకు క్యాలెండర్ అందరికంటే ఎక్కువగా దెబ్బ కొట్టేది ఫస్టియర్ వాళ్లను. ఎంసెట్ అనండి, ఈఏపీసెట్ అనండి, కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేసరికి మిగతా సంవత్సరాలకు మొదటి మిడ్ దగ్గర పడుతుంది. వెంటనే దసరా. నష్టపోయిన రోజులను పూడ్చడానికి 90 రోజుల సెమిస్టర్‌ను 70కి కుదిస్తారు. హాజరు నిబంధన మాత్రం కుదించరు: 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య ధ్రువపత్రం, కండొనేషన్ ఫీజు (హాజరు లోటును మన్నించడానికి కట్టేది), 65 కంటే తగ్గితే డిటెన్షన్. రోజుల లెక్కన చూడండి. కామెర్లతో 25 రోజులు మంచాన పడ్డ పిల్ల, 90 రోజుల సెమిస్టర్‌లో 65 రోజులు హాజరైతే 72 శాతం, కండొనేషన్‌తో బయటపడుతుంది. అదే జబ్బు, అవే 25 రోజులు, 70 రోజుల సెమిస్టర్‌లో వస్తే హాజరు 45 రోజులు, 64 శాతం. ఏడాది పోయింది. సెమిస్టర్‌ను కుదించే ప్రతి ఉత్తర్వులోనూ, ఆసుపత్రిలో చేరినట్టు రికార్డు ఉన్నవాళ్ల గైర్హాజరును పూర్తి 90 రోజుల ప్రాతిపదికన లెక్కిస్తామని ఒక వాక్యం చేర్చాలి. ఇది ఎవరినీ ఊరికే పాస్ చేయించమని అడగడం కాదు, పరీక్ష రాసుకోనివ్వమని.

ఇప్పుడు వాయిదాల సంగతికి వస్తాం. ముందే తెలిసేవి, తెలియనివి అని రెండు రకాలు. ఎన్నికలు ముందే తెలిసేవి. 2023లో తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న వచ్చింది, పోలింగ్ నవంబర్ 30న, 52 రోజుల వ్యవధి. 2024లో షెడ్యూల్ మార్చి 16న, రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న, 58 రోజులు. అధ్యాపకులకు పోలింగ్ డ్యూటీ, దానికి ముందు శిక్షణ, కాలేజీ గదుల్లో పోలింగ్ కేంద్రాలు, ఇవన్నీ ఎవరికి తెలియనివి? అయినా పోలింగ్‌కు పది రోజుల ముందు పరీక్షలు వాయిదా పడుతుంటాయి. పండుగలూ అంతే. రంజాన్ ఒక్కటే నెలవంకను బట్టి ముందురోజు రాత్రి తేలుతుంది. కాబట్టి అవకాశం ఉన్న రెండు రోజులూ ఖాళీ ఉంచితే సరి. బక్రీద్‌కు పది రోజుల ముందే తేదీ తెలుస్తుంది. సంక్రాంతి చెప్పనే అక్కర్లేదు. అయినా 2025 జనవరి 15న పెట్టిన యూజీసీ నెట్‌ను (అధ్యాపక ఉద్యోగాల జాతీయ అర్హత పరీక్షను) సంక్రాంతి, పొంగల్ పేరు చెప్పి పండుగ ముంగిట్లో వాయిదా వేశారు. జాతీయ సంస్థకే క్యాలెండర్ చూసుకునే తీరిక లేకపోతే మనవాళ్లను ఏమంటాం.

ముందుగా తెలియనివి వానలు, వరదలు. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు పరీక్షలు ఆపాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ప్రశ్నల్లా ఆపిన పేపర్‌ను ఎప్పుడు పెడతారన్నది. ‘తదుపరి తేదీ త్వరలో ప్రకటిస్తాం’ అన్న వాక్యమే పిల్లలను ఎక్కువ ఏడిపిస్తుంది. ఊరికి వెళ్లాలా, హాస్టల్‌లోనే ఉండి మెస్ బిల్లు కట్టుకోవాలా తెలియదు. 2024 జూన్ 23న జరగాల్సిన నీట్ పీజీని ముందురోజు రాత్రి వాయిదా వేసినప్పుడు, రైళ్లెక్కి సెంటర్లున్న ఊళ్లకు చేరిపోయిన డాక్టర్లకు కొత్త తేదీ అప్పటికప్పుడు చెప్పలేదు. చివరికి పరీక్ష ఆగస్టు 11న జరిగింది.

అందుకే రెండు వారాల పట్టిక చివర రెండు రిజర్వు రోజులు ముందే అచ్చువేయాలి. పూటకు ఒకటి చొప్పున నాలుగు గళ్లు. ఆగిపోయిన పేపర్ ఏదైనా, ఆగిన వరుసలోనే, మొదటిది మొదటి గడిలోకి వెళ్తుంది. మధ్యలో తేదీలు జరపకూడదు. ఒక పేపర్ ఆగిందని మిగతావన్నీ ఒక్కో రోజు వెనక్కి నెడితే ఇతర సంవత్సరాల వరుసలతో ఢీకొని, సరిచూసుకున్నదంతా వృథా అవుతుంది. అన్ని కాలేజీల్లోనూ ఆపాలా, ఆ జిల్లాలోనే ఆపాలా అన్నదానికీ ముందే నియమం ఉండాలి. ఒకే ప్రశ్నపత్రం కాబట్టి ఒక జిల్లాలో ఆపి మిగతాచోట్ల నడిపితే రెండో సెట్ సిద్ధంగా ఉండాలి. ఆ సెట్ లేనందువల్లే ఎక్కడో వాన పడితే రాష్ట్రమంతా ఆగిపోతోంది. రిజర్వు రోజులు అక్కర్లేకపోతే స్పాట్ వాల్యుయేషన్ రెండు రోజులు ముందే మొదలవుతుంది, నష్టం ఏముంది?

వాన పడ్డ ప్రతిసారీ వాట్సాప్‌లో తిరిగే దొంగ సర్క్యులర్ల గురించి ఒక మాట. పాత సర్క్యులర్‌లో తేదీ మార్చి పంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని పరీక్షల పేజీలో అదే లేఖ నంబరుతో, అదే తేదీతో కనిపిస్తే తప్ప నమ్మొద్దని విద్యార్థులకు చెబుతున్నాం. అయితే రాత్రి 11 గంటలకు వెబ్‌సైట్ తెరుచుకోని రోజులూ ఉన్నాయి. వాయిదా నిర్ణయం పరీక్షకు ముందురోజు సాయంత్రం 6 లోపు వెలువడాలి, అది దాటితే పరీక్ష ఉన్నట్టే అనే గడియారం ఒకటి పెట్టుకుంటే పుకార్లు సగం తగ్గుతాయి. తెల్లవారుజామున వచ్చే వరదకు మినహాయింపు ఎలాగూ ఉంటుంది.

మధ్యాహ్నం పూట పరీక్ష 5 గంటలకు ముగుస్తుంది, పత్రాలు తీసుకుని వదిలేసరికి 5:15. చాలా కాలేజీ బస్సులు 4 గంటలకే వెళ్లిపోతాయి. పల్లెలకు వెళ్లే ఆర్టీసీ చివరి ట్రిప్పు కొన్ని రూట్లలో ఆరు గంటలకే. టైమ్‌టేబుల్ కాపీని ముసాయిదా దశలోనే డిపో మేనేజర్‌కు పంపితే ఆ రెండు వారాలు ట్రిప్పు సమయం జరిపించుకోవచ్చు. అడిగినచోట జరుపుతున్నారు కూడా, అడగడమే తక్కువ.

మీ పత్రికకు ఒక విన్నపం. ‘ఫలానా తేదీ నుంచి పరీక్షలు’ అని మీరు వేసే వార్తలో, యూనివర్సిటీ ముసాయిదా ఇచ్చిన సందర్భాల్లో అభ్యంతరాలకు చివరి తేదీ ఏదో, అవి ఏ విభాగానికి పంపాలో కూడా ఒక వాక్యం చేర్చండి. ముసాయిదా ఇవ్వని యూనివర్సిటీ అయితే, ఇవ్వలేదన్న సంగతి రాయండి.

ఇట్లు,
అనుబంధ కళాశాలల్లో పరీక్షల విభాగం పని చూసే కొందరు అధ్యాపకులు